నూగు మీద నింద

వారంటీ కౌంటర్లో కొత్తగా కూర్చున్న పిల్లలారా, మీ తెర మీద ‘కారణం’ అని ఒక చిన్న గడి ఉంటుంది. దాన్ని నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఇరవై ఆరేళ్లు ఆ గడి నింపినందుకే నాకు జీతం ఇచ్చారు. అందులో నేను ఎక్కువసార్లు రాసింది ఒకటే. తప్పు వాడినవాళ్లది, కంపెనీది కాదు. చాలాసార్లు అది నిజం కూడా. ఒక మనిషి విషయంలో అది నిజం కాదు. నా వీడ్కోలు సభలో శాలువా కప్పి రెండు మాటలు చెప్పమన్నప్పుడు అతని సంగతే చెబుదామనుకున్నాను. సమోసాలు చల్లారిపోతున్నాయని మేనేజర్ వాచీ చూసుకున్నాడు. నేనూ ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాను.

మా నాన్న ఉత్తర తెలంగాణ నుంచి సూరత్ వచ్చి లింబాయత్‌లో సాంచెలు నడిపాడు. పవర్‌లూమ్ మగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. పన్నెండు గంటల షిఫ్టు చేసి ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమల మీద, చెవుల్లో, మెడ మడతల్లో, బట్ట నేస్తుంటే రాలే తెల్లటి నూగు ఉండేది. అమ్మ ఆయన్ని గుమ్మం బయటే నిలబెట్టి తువ్వాలుతో దులిపేది. ఆ నూగంటే నాకు పగ. ఐటీఐ చదివి, కంప్యూటర్లు విప్పడం, బిగించడం నేర్చుకుని, రింగ్ రోడ్డు పక్కన ఒక సర్వీస్ సెంటర్లో చేరిన రోజు ఇక నా ఒంటిమీద అది పడదని పొంగిపోయాను. ఒంటిమీద పడలేదు, నిజమే. కళ్లలో ఉండిపోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

మా సెంటర్లో ముగ్గురి మాట చెల్లేది. మేనేజర్ గుజరాతీ, మంచివాడే, హెడ్డాఫీసు నుంచి ఫోనొస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. రిసెప్షన్లో దాదాపు నా వయసావిడ ఉండేది, ఆమెను అందరం బెన్ అనేవాళ్లం. సూరత్‌లో ఏ ఆడమనిషినైనా అలాగే పిలుస్తారు. అంతా కంప్యూటర్లోకి ఎక్కించాక కూడా ఆమె ఒక పొడుగాటి నోటుపుస్తకంలో ప్రతి కేసూ చేత్తో రాసుకునేది. పాతకాలం అలవాటు అని మేం ఆటపట్టించేవాళ్లం. మూడోవాణ్ని నేను. ఆఫీసంతా నన్ను కాకా, అంటే బాబాయ్, అనేది. వచ్చిన సరుకు బాగుందో లేదో తేల్చేది నేనే. నేను ఇవ్వమంటే బీరువాలోంచి కొత్తది ఇచ్చేవాళ్లు. వద్దంటే లేదు.

ఇప్పుడు కంపెనీల సంగతి కాస్త చెప్పాలి. ఇంట్లో, ఆఫీసులో బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్లకు ప్రాసెసర్లు చేసేవాళ్లలో లెక్కలోకి వచ్చేవి రెండే కంపెనీలు. పేర్లు మనకెందుకు, పెద్దది, రెండోది అనుకుందాం. మేం చూసేది పెద్దదాని వారంటీ. చాలా ఏళ్లు దానికి ఎదురులేదు. ఏటా కొత్త పెట్టె వచ్చేది, లోపల దాదాపు పాత సరుకే. రెండోది చవకగా అమ్ముకుని బతికేది. ఉన్నట్టుండి ఆ రెండోది అదే ధరకు రెట్టింపు పని చేసే సరుకు దింపింది. ఇక చూడండి, మార్కెట్ గిర్రున తిరిగింది. నిన్న అరలో మెరిసిన పెట్టె ఇవాళ పాతబడేది. ధర తగ్గిస్తే తప్ప కదిలేది కాదు. దుకాణాలవాళ్లు రెండు పార్టీలై, చాయ్ బండి దగ్గర క్రికెట్ కన్నా దీని మీదే ఎక్కువ కొట్లాడుకున్నారు. కొనేవాళ్లకు మాత్రం పండగ. పోటీ మంచిదే అని నేనూ అన్నాను.

పెద్ద కంపెనీకి ఓడిపోవడం అలవాటు లేదు. పెట్టె మీద అచ్చేసే వేగం అంకె రెండోదానికన్నా ఒక్క మెట్టయినా పైన ఉండాలని పట్టుబట్టింది. ఆ అంకె కోసం లోపలి ప్రాసెసర్ బిళ్లకు ఎంత కరెంటు తాగించిందో మాకెవరికీ తెలియదు. మేం చూసింది పెట్టె మీది అంకె ఒక్కటే.

ఆ రోజుల్లోనే అతను వచ్చాడు. నలభైకి అటూ ఇటూగా ఉంటాడు. షేరింగ్ ఆటోలో కంప్యూటర్ డబ్బాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఒక డిజైన్ చీర ముక్కలో చుట్టి ఉంది. నేను ఫోన్‌లో మా ఆవిడతో తెలుగులో మాట్లాడటం విని అతని ముఖం విప్పారింది.

“మనోళ్లేనా సార్?”

“లింబాయత్‌లనే పుట్టిన” అన్నాను. అంతే, ఆ క్షణం నుంచి నేను అతనికీ కాకానే.

అతనిదీ లింబాయతే. కింద నాలుగు సాంచెలు, తండ్రి కూడబెట్టినవి. పైన ఒక గది. ఆ గదిలో ఏడాది కింద నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. అతనూ, భార్యా, ఇద్దరు మరదళ్లూ చీరల మీద ముద్రించే డిజైన్లు తయారుచేసేవాళ్లు. భార్య చెయ్యి మంచిది. టెక్స్‌టైల్ మార్కెట్లో ఒక సేఠ్ ఆమె పూలు చూసి ముచ్చటపడి, రాబోయే పెళ్లిళ్ల సీజను డిజైన్లన్నీ మీకే ఇస్తానన్నాడు. టైముకిస్తే ఏడాది పొడుగునా పని. ఇవ్వకపోతే వేరేవాళ్లకు. సాంచెల మోత నుంచి ఆ ఇల్లు బయటపడటానికి ఉన్న దారి అదొక్కటే.

“అందరికన్న స్పీడుదే కొన్న కాకా. కొనేది ఒక్కసారి, మంచిదే కొనాలె అనుకున్న. మొదట మంచిగనే ఉండె. ఇప్పుడు ఏందో గంట, రెండు గంటలు నడుస్తది. ఫైల్ పెద్దగైనంక నీలం తెరొచ్చి బందైతది. చేసిందంత పోతది.”

డబ్బా విప్పాను. ప్రాసెసర్ మీద కూలర్ ఉంటుంది, వేడిని బయటికి తోసే రేకులూ ఫ్యానూ. ఆ రేకుల సందుల్లో నూనె జిడ్డుతో కలిసి గడ్డకట్టిన తెల్లటి నూగు. నాకు నవ్వొచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత పాత శత్రువు ఎదురుపడినట్టయింది.

“ఇగో, చూసినవా? కింద సాంచెలు, పైన కంప్యూటర్. ఇది ఊపిరాడక సచ్చిపోతున్నది” అన్నాను.

శుభ్రం చేసి, ప్రాసెసర్‌ను మా బల్ల మీద అరగంట పరీక్షించాను. అరగంటా బుద్ధిగా నడిచింది. మా పరీక్ష అరగంటే. అతను చెప్పింది రెండు గంటల సంగతి అని నాకు తట్టలేదు. తట్టినా చేసి ఉండను, వెనక లైన్ ఉంది. గడిలో రాశాను: పని చోట నూగు వల్ల వేడెక్కింది, ప్రాసెసర్‌లో లోపం లేదు. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, పైసలడగకుండా సాఫ్ చేసినందుకు.

రెండు వారాలకు ఇంకో డబ్బాతో వచ్చాడు. అదే రోగం. ఈసారి రేకుల్లో నూగు పెద్దగా లేదు. అతను రోజూ ఊదుతున్నాడట. అయినా ఒక మూల కాస్త కనిపించింది, నాకు అది చాలు. బిగిస్తుంటే అతను పక్కన నిలబడి, కాసేపు నసిగి అడిగాడు.

“తప్పుగ అనుకోవద్దు కాకా. దీనికి పుల్లీ గిట్ల మార్చిండ్రా?”

“పుల్లీ ఏందిరా?”

“సాంచెకు మోటర్ పుల్లీ ఉంటది గదా. నేను పనిజేసిన కాడ, పక్క కార్ఖానా ఎక్కువ బట్ట తీస్తున్నదని మా సేఠ్ పెద్ద పుల్లీ ఏయించిండు. సాంచె ఉరికింది. కొన్నొద్దులు మంచిగనే ఉరికింది. ఆనెంక పోగులు తెగుడు షురువైంది. నూలు మంచిదే, సాంచె మంచిదే. ఉరికిచ్చుడే తప్పు. ఇది గూడ గట్లనే కొడుతున్నది నాకు. జర స్పీడ్ తగ్గించి చూస్తే నడుస్తదేమో కాకా.”

నేను నవ్వాను. పక్క బల్ల దగ్గరి కుర్రాళ్లకు వినపడేలా నవ్వాను. “బిడ్డా, నిండు స్పీడుకు పైసలు కట్టి సగం స్పీడుల నడుపుతవా? ఇది సాంచె కాదు. దీన్ని జేసినోళ్లకు తెల్వదా, ఎంత ఉరకాలెనో?”

అతనూ నవ్వాడు, తన అజ్ఞానానికి. వేగం తగ్గించే చోటు నాకు తెలుసు. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఒక మీట నొక్కి, రెండు అంకెలు మార్చాలి. ఐదు నిమిషాల పని. అది చేసి పంపి ఉంటే ఈ రాత రాసే అవసరం నాకు లేదు.

మూడోసారి అతను డబ్బా తేలేదు, నన్నే రమ్మన్నాడు. ఆదివారం వెళ్లాను. మా నాన్న నడిచిన సందులే. కింద సాంచెలు నాలుగూ టకటకమని నడుస్తున్నాయి, నేల వణుకుతోంది. ఇనప మెట్లెక్కి పైకి వెళ్తే, చిన్న గది, కిటికీలకు తడి చీరలు కట్టారు నూగు రాకుండా. నాలుగు కంప్యూటర్ల మీదా తెల్లటి బట్టలు కప్పి ఉన్నాయి. అతని భార్య తెర మీద నెమలి మెడ రంగులో ఏదో పువ్వు గీస్తోంది. నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చింది, మజ్జిగ తెచ్చింది.

నేను వేలితో కిటికీ చెక్క మీద గీత గీసి, వేలికంటిన నూగు అతనికి చూపించాను.

అతని భార్య మెల్లగా అంది. “సారూ, గురువారం మాకు కరెంటు సెలవుంటది. సాంచెలు నడువయి. పైన ఇన్వర్టర్ మీద మేం పనిజేస్తం. గురువారం గూడ ఆగిపోతున్నది.”

ఎంత తెలివైన మాటో చూడండి. ఒక మంచి మెకానిక్ అడగవలసిన మొదటి ప్రశ్నకు ఆమె జవాబు తెచ్చి నా ముందు పెట్టింది. నేనేమన్నానంటే, “అమ్మా, ఒక్క రోజు ఆపితే పోదు, లోపలికి పోయింది పోయినట్టే ఉంటది.” అంతటితో ఆగినా బాగుండేది. మెట్లు దిగుతూ, సాంచెల మోతలో అతనికి వినపడాలని గట్టిగా చెప్పాను. “కింద ఇవున్నన్ని రోజులు పైన అవి బతుకవు బిడ్డా. రెంటిట్ల ఒకటి చూసుకో.”

ఆ మాట చెప్పింది పాతికేళ్ల అనుభవం అని అతను అనుకున్నాడు. నాన్నను గుమ్మం బయట నిలబెట్టి దులపడం చూసిన పిల్లవాడు అన్నాడని నాకిప్పుడు అనిపిస్తుంది.

పది రోజులకు ఫోన్ చేశాడు. గొంతులో హుషారు. “కాకా, సాంచెలు దీసేసిన. పాతయి గదా, నడిపేటోళ్లెవ్వరు కొనమన్నరు. పాత ఇనుము కొనే భంగారోడొచ్చి తూకానికి తీసుకపోయిండు. ఇల్లంత మూడుసార్లు కడిగినం. పట్టుకుందామన్న నూగు లేదిప్పుడు.”

“మీ ఆవిడ ఏమన్నది?”

“రెండొద్దులు మాట్లాడలే. సేఠ్ పని అయిపోతే అదే సక్కగైతది.”

“మంచి పని చేసినవ్” అన్నాను. అవే మాటలు. నేను మర్చిపోదామనుకున్నా నా చెవులు మర్చిపోవు. తండ్రి ముప్పై ఏళ్లు నడిపిన నాలుగు సాంచెలు పాత ఇనుము కింద పోయాయని ఒక మనిషి చెబితే, మంచి పని చేశావన్నాను.

తర్వాతి నెలలో అతను మళ్లీ వచ్చాడు. ఈసారి టెంపో మాట్లాడుకుని నాలుగు డబ్బాలూ తెచ్చాడు. నడుస్తున్నది ఒక్కటీ లేదు. ముందు రెండు గంటలకు ఆగేవి ఇప్పుడు పది నిమిషాలకే ఆగుతున్నాయి. సేఠ్‌కు చివరి డిజైన్లు మరుసటి రోజు మధ్యాహ్నం ఇవ్వాలి. అతని గడ్డం మాసి ఉంది. డబ్బాలు బల్ల మీద పెట్టి, “ఒక్కటన్న మార్చియ్యి కాకా. ఒక్కటుంటే రాత్రంత కూసోని ముగిస్తం” అన్నాడు.

విప్పాను. రేకులు అద్దంలా ఉన్నాయి. నూగు పోగు ఒక్కటి లేదు. నాలుగింటినీ భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాను. అప్పుడైనా నా బుర్ర వెలగాలి కదా. పది నిమిషాలకే ఆగేవి మా బల్ల మీద కూడా ఆగాయి, నా కళ్ల ముందే నీలం తెర వచ్చింది. దానికి నేనేం చెప్పుకున్నానో తెలుసా? ఇన్నాళ్లు నూగులో వేడెక్కీ వేడెక్కీ పాడైపోయాయి, పాడుచేసింది అతనే, అని.

బెన్ తన పొడుగాటి నోటుపుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె ఎప్పుడూ సీటు వదిలి వచ్చేది కాదు. గుజరాతీలో, అతనికి అర్థం కాకూడదనేమో, గొంతు తగ్గించి అంది. “కాకా, ఇదే మోడల్ ఇంకో రెండు చోట్ల నుంచి వచ్చింది, మీరే వెనక్కి పంపారు. ఒకటి వజ్రాల ఆఫీసు. అక్కడ ఏసీ, చెప్పులు బయటే విడవాలి. ఇంకొకటి ఒక టీచరమ్మ ఇల్లు. వాళ్లింట్లో మగ్గాలెక్కడివి?”

ఆమె వేలు ఆ వరసల మీదే ఉంది. తేదీలు, మోడల్, నీలం తెర, అన్నీ గుండ్రటి అక్షరాల్లో.

“రాసుకోవడం నీ పని బెన్. చదివి చెప్పడం కాదు” అన్నాను.

ఆమె పుస్తకం మూసి వెళ్లిపోయింది. అతను మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. సూరత్‌లో బతికేవాడికి ఆ మాత్రం గుజరాతీ రాకుండా ఉంటుందా? వచ్చు. అయినా అతను నా వైపే చూశాడు, నేనే చెప్పాలన్నట్టు.

బీరువాలో కొత్తవి ఉన్నాయి. నా సంతకం చాలు. హెడ్డాఫీసు ఎందుకిచ్చారని అడుగుతుంది, ఒక ఉత్తరం రాసుకోవాలి, అంతే. భయం అది కాదు పిల్లలూ, అబద్ధం చెప్పను. ఈసారి సరే అంటే, ముందు నేను రాసినవన్నీ తప్పని నా చేత్తో నేనే రాసినట్టు. పుల్లీ మాటకు నవ్విన నవ్వు తప్పు. సాంచెల దగ్గర అరిచిన మాట తప్పు. అంత తప్పు మోయడం నా వల్ల కాలేదు, అందుకని అతని మీద పెట్టాను. గడిలో రాశాను: పని చోట నూగు, దీర్ఘకాలం వేడెక్కడం. వారంటీ వర్తించదు.

కాగితం తిప్పి అతని ముందు పెట్టాను. సంతకం చేశాడు, తెలుగులో, పూర్తి పేరు, నెమ్మదిగా. అతని ముఖం చూడలేక, ప్రాసెసర్లు నాలుగూ ఉంచి వెళ్లు, తీరిగ్గా ఇంకోసారి చూస్తానన్నాను. తల ఊపి, ఖాళీ డబ్బాలు టెంపోలోకి ఎక్కించుకున్నాడు. ఆ లోపం ప్రాసెసర్‌ను మెల్లగా తినే రకమని తర్వాత తెలిసింది. కొత్తది ఒకటి ఆ రోజు చేతిలో పెట్టి ఉంటే కొన్ని వారాలు నిక్షేపంగా నడిచేది. అతనికి కావలసింది ఒక్క రోజు.

సేఠ్ మర్నాడు పని వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఆ సంగతి అదే మార్కెట్లో తిరిగే ఒక దుకాణం కుర్రాడు చెబితే తెలిసింది. అతనికి ఫోన్ చేశాను. కొన్ని రోజులు మోగింది, తర్వాత మోగడం కూడా ఆగింది. ప్రాసెసర్లు నాలుగూ మా బీరువా కింది అరలో ఉండిపోయాయి.

కొన్ని నెలలకు కంపెనీ ఉత్తరం వచ్చింది. మెయిల్లో ముందు చూసింది బెన్. అచ్చు తీసి నా బల్ల మీద పెట్టింది. ఆ మోడల్ ప్రాసెసర్లు తమంతట తాము కావలసినదానికన్నా ఎక్కువ కరెంటు లాగుతున్నాయట, దానివల్ల లోపల అరిగిపోతున్నాయట. వాడుకరుల తప్పు లేదట. వారంటీ పొడిగించారు, నిరాకరించినవి కూడా మార్చి ఇవ్వమన్నారు. కింద ఇంకో వాక్యం ఉంది, దాన్ని నేను నాలుగుసార్లు చదివాను. దిద్దుబాటు వచ్చేదాకా వేగం తగ్గించి నడుపుకోవాలని సలహా. పుల్లీ మాటే, ఇంగ్లిష్‌లో.

మేనేజర్ నా భుజం తట్టాడు. “కాకా, టెన్షన్ ఎందుకు? మన తప్పెక్కడుంది? కంపెనీయే ఒప్పుకుంది కదా.”

నిజమే. రెండు కంపెనీలు పరుగు పందెం వేసుకున్నాయి. ఒకదానికి కాలు బెణికింది, ఉత్తరం రాసి ఒప్పుకుంది, మళ్లీ పరుగెత్తుతోంది. రెండోది ఆ సందులో ఇంకాస్త మార్కెట్ పట్టింది. నేను క్షమాపణ చెప్పాలని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.

నాలుగు కొత్త పెట్టెలు తెప్పించాను. బెన్ దగ్గరికి వెళ్లి ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను. ఆమె పుస్తకం తెరిచి, అతని పాత చిరునామా చీటీ మీద రాసిచ్చింది. “నన్ను కాదు” అంది.

లింబాయత్‌లో సాంచెలున్న చోట ఎవరో మొబైల్ కవర్ల గోదాము పెట్టారు. వాళ్లు ఊరి చివర భేస్తాన్‌కు మారారని పక్కింటివాళ్లు చెప్పారు. అక్కడ కార్మికుల క్వార్టర్లలో రెండు పూటలు తిరిగితే, మూడో అంతస్తులో అతని భార్య తలుపు తీసింది. గడప మీద చీరల కట్ట, అంచులకు పూసలు కుట్టే పని. తెర మీద నెమలి రంగు పూలు గీసిన చెయ్యి.

కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను, ఉత్తరం సంగతి, తప్పు ప్రాసెసర్‌దని, నూగు వల్ల కాదని, నాదే పొరపాటని. ఆమె చివరిదాకా వింది.

“నేను గురువారం సంగతి అప్పుడే చెప్పిన గద సారూ” అంది.

“చెప్పినవమ్మా.”

“ఆయన రాత్రుళ్లు నిద్రపోడు. నేనే ఆగం జేసిన, నేనే ఆగం జేసిన అనుకుంట కూసుంటడు. నేను చెప్తె ఇనడు. మీరంటే ఆయనకు గురి. పోయి మీరే చెప్పుండ్రి. మీ మాటైతే నమ్ముతడు.” కార్ఖానా ఎక్కడో చెప్పి తలుపు దగ్గరగా వేసింది.

ఆ ఒక్క పని నా చేతిలో ఉందని నడిచాను. సాంచెలు తిరిగి రావు, సేఠ్ రాడు. నా సంచిలో ఉన్న ప్రాసెసర్లు కూడా ఎందుకూ కొరగావు, ఎందుకంటే వీటిని బిగించే బోర్డులు అతను ఎప్పుడో అమ్మేశాడట, ఈలోగా కంపెనీ కొత్త రకం దింపింది, ఇప్పుడొచ్చే బోర్డులకు ఇవి పట్టవు. కానీ అతను నిద్రపోగలిగితే చాలు అనుకున్నాను.

మధ్యాహ్నం తిండి వేళకు బయటికి వచ్చాడు. వేరేవాళ్ల కార్ఖానాలో పన్నెండు గంటల షిఫ్టు. కనుబొమల మీద, చెవుల్లో, మెడ మడతల్లో తెల్లటి నూగు. నన్ను చూసి నవ్వాడు. “కాకా, మీరా? ఇంత ఎండల ఎందుకొచ్చిండ్రు?”

గోడ నీడలో కూర్చోబెట్టి చెప్పాను. మెల్లగా, ఒక్కొక్కటీ విప్పి చెప్పాను. ఆ ఉత్తరం చూపించి తెలుగులో చదివాను. “నువ్వన్న పుల్లీ మాటే నిజం బిడ్డా. ఆ కంపెనీయే పుల్లీ మార్చింది. నూగుకు సంబంధం లేదు. నీ తప్పు రవ్వంత లేదు. తప్పు నాది. నన్ను తిట్టు.”

అతను కింద చూస్తూ విన్నాడు. విని, నా మోకాలి మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు.

“మీరు మంచోళ్లు కాకా. నా మనసు తేలిక జేద్దామని ఇంత దూరమొచ్చిండ్రు.”

“కాదు బిడ్డా. నిజం చెప్తున్న. ఇగో, కంపెనీ కొత్తయి పంపింది, నీవే ఇవి.” పెట్టె తీసి అతని వైపు చాచాను. సీలు కూడా విప్పలేదు, పెట్టె మీద ఆ వేగం అంకె మెరుస్తోంది.

అతని చేతులు ముందుకొచ్చాయి. వేళ్లు చూసుకున్నాడు. లుంగీకి ఒకసారి తుడుచుకున్నాడు, మళ్లీ చూసుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“వద్దు కాకా. చేతులకు నూగున్నది. మల్ల ఖరాబైతయి.”

లోపల సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. అతను లేచి, నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు. “మీరు మొదట్నే చెప్పిండ్రు గదా. నేనే ఆలస్యం జేసిన. ఇంకో నెల ముందుగాల సాంచెలు అమ్మితే, అవి బతుకుతుండె.”